ఆట యంత్రం ఆగిపోతే తప్పెవరిది?

వీడియో గేమ్ యంత్రం ఆగిపోయిందంటే చాలు, ఇంట్లో పెద్దలు వెంటనే తీర్పు చెప్పేస్తారు: "రాత్రింబవళ్ళు ఆడి పాడుచేశావు!" పిల్లలేమో దానిమీద రెండు దెబ్బలు వేసి చూస్తారు. నా దృష్టిలో ఈ రెండూ అశాస్త్రీయమే. ఏ యంత్రమూ కారణం లేకుండా ఆగదు. ఆ కారణం తెలుసుకోకుండా నింద వేయడమూ తగదు, చిట్కా వేయడమూ తగదు.

ఒక ఉదాహరణ చూద్దాం. మైక్రోసాఫ్ట్ కంపెనీ 2005 నవంబరులో ఎక్స్‌బాక్స్ 360 అనే ఆట యంత్రాన్ని అమెరికాలో విడుదల చేసింది. దాని మీట చుట్టూ నాలుగు భాగాల దీపపు వలయం ఉంటుంది. అంతా సవ్యంగా ఉంటే ఆకుపచ్చ వెలుగు వస్తుంది. కానీ ఎంతోమంది ఇళ్ళలో మూడు భాగాలు ఎర్రగా మెరవసాగాయి. ఇక ఆట సాగదు! విసిగిపోయిన ఆటగాళ్ళు దానికి "ఎర్రని మృత్యువలయం" అని పేరు పెట్టారు.

లోపల ఏం జరిగింది? యంత్రంలోని చిప్ సిలికాన్‌తో చేసినది. అది చాలా చిన్న టంకపు బొట్లతో కింది పలకకు అతికి ఉంటుంది. ఆడుతున్నప్పుడు చిప్ బాగా వేడెక్కుతుంది, ఆపితే చల్లారుతుంది. వేడికి పదార్థాలు వ్యాకోచిస్తాయనీ, అన్నీ ఒకే మేరకు వ్యాకోచించవనీ మీరు ద్విలోహపు పట్టీ పాఠంలో చదివే ఉంటారు. ఇక్కడా అంతే. సిలికాన్ కన్నా కింది పలక అనేక రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. మధ్యలో నలిగిపోయేది టంకం. సన్నని ఇనుప తీగ ఒకసారి వంచితే విరగదు. అటూ ఇటూ పదేపదే వంచితే విరుగుతుంది. టంకం గతీ అదే. యంత్రాన్ని వేసి ఆపిన ప్రతిసారీ ఒక వంపు అన్నమాట!

ఇందులో ఆడినవాడి తప్పేమిటి? వేయడం, ఆపడం ఆ యంత్రానికి మామూలు వాడకమే కదా! దానిని తట్టుకునేలా తయారుచేయడం తయారీదారుల బాధ్యత.

అలాగని పిల్లల చిట్కాలను మెచ్చుకోలేను. కొందరు ఆ యంత్రానికి తువ్వాలు చుట్టి, మరింత వేడెక్కించేవారు. వేడికి బీటలు కాసేపు కలిసి ఒక్కోసారి దీపం పచ్చబడేది. "బాగైంది" అని సంబరపడేవారు. నిజానికి అది మరింత దెబ్బతినేది, పైగా నిప్పు అంటుకునే ప్రమాదం!

1990లలో మన ఊళ్ళలో పిల్లలు గేమ్ క్యాసెట్లను తీసి నోటితో ఊదేవారు. మళ్ళీ పెడితే ఆట వచ్చేది. ఘనత ఊదడానిదా, తీసి మళ్ళీ పెట్టడానిదా? ఊదకుండా తీసి పెట్టి చూస్తేనే కదా తెలిసేది! తీసి పెట్టినప్పుడు లోహపు పట్టీలు కొత్తగా ఆనుకుంటాయి. ఊపిరిలోని తేమ మాత్రం వాటికి తుప్పు తెస్తుంది.

ఇక కంపెనీ సంగతి. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఈ లోపానికి వారంటీని మూడేళ్ళకు పెంచి, ఉచితంగా బాగుచేయడానికి వంద కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది. ఇది మెచ్చదగిన పని. కాని లోపం ఏమిటో అప్పుడు వివరించలేదు. వేడెక్కి చల్లారడంవల్ల చిప్ లోపలి అతుకులు విరిగాయని ఆ కంపెనీ వాళ్ళు వివరంగా చెప్పింది 2021లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో! డబ్బు చెల్లించినంత మాత్రాన బాధ్యత తీరదు. కారణం చెప్పడం కూడా బాధ్యతే. అది ముందే తెలిసి ఉంటే తువ్వాళ్ళు చుట్టే పని తప్పేది. మరమ్మతు చేసేవారికి దారి తెలిసేది.

మీ ఇంట్లో ఏ వస్తువైనా మొరాయిస్తే కొట్టకండి, ఊదకండి. ఆగేముందు ఏం మారింది? వేడెక్కిందా? ఇదే వస్తువు ఇతరుల ఇళ్ళలోనూ ఇలాగే ఆగిందా? ఇవి కాగితంమీద రాయండి. మూత మాత్రం మీరే విప్పకండి. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఆ కాగితాన్ని మరమ్మతు చేసే వారికి చూపించి, కారణం అడగండి. "పాడుచేశావు" అనే పెద్దలకు కూడా అదే కాగితం చూపించండి.