కాలిన ఒళ్లు, లాయరు వాటా

అగ్నిప్రమాదం జరిగిన సాయంత్రానికే టీవీలో రెండు అంకెలు వస్తాయి. చనిపోయినవారి కుటుంబాలకు ప్రధానమంత్రి సహాయ నిధి నుంచి 2 లక్షలు, గాయపడినవారికి 50 వేలు. రాష్ట్ర ప్రభుత్వం తన వంతు కొంత కలుపుతుంది. ఆ తర్వాత గాయపడినవారి సంగతి పట్టించుకునేవాళ్లు తక్కువ. కాలిన చర్మం మానేటప్పుడు బిగుసుకుపోతుంది. మెడ తిరగదు, వేళ్లు ముడుచుకుపోతాయి, మోచేయి చాపడం కష్టమవుతుంది. చర్మం అతికించే ఆపరేషన్లు, బిగిసినచోట విడిపించే ఆపరేషన్లు, నెలల తరబడి వేసుకోవాల్సిన బిగుతు తొడుగులు, ఫిజియోథెరపీ. పిల్లలకైతే ఒళ్లు ఎదిగినంతగా మచ్చ సాగదు కాబట్టి, పెద్దయ్యేదాకా మళ్లీ మళ్లీ ఆపరేషన్లు చేయించాల్సి రావచ్చు. ఆ 50 వేలు వీటిలో దేనికీ చాలవు.

నిర్లక్ష్యం చేసినవారి చేతే ఈ ఖర్చు కట్టించే హక్కు బాధితుడికి ఉంది. కానీ ఆ హక్కు కోసం ఏళ్ల తరబడి కోర్టులో నిలబడే లాయరే దొరకడు. ‘ముందు ఏమీ ఇవ్వక్కర్లేదు, పరిహారం వస్తే అందులో ఇంత శాతం ఇవ్వండి’ అనే ఒప్పందం మన దేశంలో లాయర్లు చేసుకోకూడదు. బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని నిషేధించాయి. ఈ నిషేధాన్ని ఉంచాలా, సడలించాలా అన్నది కాలిన గాయాల బాధితుడికి బతుకు తేల్చే ప్రశ్న. రెండు వైపులా గట్టి వాదనలే ఉన్నాయి.

ముందు పరిహారం అడిగే దారుల గురించి చెప్పాలి. బస్సు తగలబడితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఉంది. ఫ్యాక్టరీలో గాయపడిన కార్మికుడికి ఈఎస్ఐ గానీ, కార్మిక శాఖ ముందు వేసే పరిహారం దరఖాస్తు గానీ ఉంది. వంట గ్యాస్ సిలిండర్ పేలితే చమురు కంపెనీల బీమా ఉంది, చికిత్సకు మనిషికి 2 లక్షల దాకా వస్తుంది. వీటిలో ఏదీ సులభం కాకపోయినా, ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో జరిగింది వేరు. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. కింద మంటలు లేచాయి, పొగ పైకి కమ్మేసింది. 8 మంది చనిపోయారు, కొందరు కిటికీల్లోంచి దూకి గాయపడ్డారు. అలాంటి చోట బస చేసిన మనిషి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. సివిల్ కోర్టుకు వెళితే అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. కట్టే స్తోమత లేదని రుజువు చేసుకుంటే మినహాయింపు ఇస్తారు గానీ, ఆ రుజువుకే కొన్ని వాయిదాలు పడతాయి. ఎక్కడికి వెళ్లినా షోరూం, లాడ్జి, భవన యజమాని, అనుమతులిచ్చిన శాఖలు, వీటిలో ఎవరి తప్పు ఎంతో సాక్ష్యంతో తేల్చాలి. కట్లతో మంచం మీద ఉన్న మనిషి తనంతట తాను చేయగల పని కాదిది.

శాతం ఫీజు కావాలనేవారి వాదన ఇక్కడే మొదలవుతుంది. అమెరికాలో గాయాల కేసుల్లో ఇదే మామూలు పద్ధతి, వాటా సాధారణంగా మూడో వంతు. 2003 ఫిబ్రవరిలో రోడ్ ఐలాండ్‌లోని ‘ది స్టేషన్’ అనే నైట్‌క్లబ్ తగలబడి 100 మంది చనిపోయారు, 200 మందికి పైగా గాయపడ్డారు. క్లబ్ యజమానులు దివాలా ప్రకటించారు. అయినా లాయర్లు గోడలకు అంటించిన ఫోమ్ ఎవరు తయారుచేశారో, ఎవరు అమ్మారో, తనిఖీ ఎవరు చేశారో వెతికి ఒక్కొక్కరినీ కోర్టుకు లాగారు. చివరికి 17.6 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. తమ ఫీజు కూడా ఆ డబ్బులోనే ఉంది కాబట్టి వాళ్లు అంత దూరం వెళ్లారు.

మన ఉపహార్ కేసును దీని పక్కన పెట్టి చూడాలి. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఆ సినిమా హాల్లో అగ్నిప్రమాదం జరిగి 59 మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. పిల్లల్ని పోగొట్టుకున్న నీలం, శేఖర్ కృష్ణమూర్తి దంపతులు బాధితుల సంఘం పెట్టి దశాబ్దాలు పోరాడారు. ఢిల్లీ హైకోర్టు 2003లో చనిపోయినవారిలో పెద్దలకు 18 లక్షలు, ఇరవై ఏళ్లలోపు వారికి 15 లక్షలు ఇమ్మంది. 2011లో సుప్రీంకోర్టు వాటిని 10 లక్షలకు, ఏడున్నర లక్షలకు తగ్గించింది. గాయపడినవారికి రెండు కోర్టులూ ఖరారు చేసింది తలా ఒక లక్ష. గాయం చిన్నదైనా పెద్దదైనా అదే లక్ష. ఇలా అందరి తరఫునా కలిపి రిట్ వేస్తే ఖర్చు తగ్గుతుంది, బలం పెరుగుతుంది, కానీ ఒక్కో మనిషి ఒంటికి ఏమైందో విడిగా లెక్క తీయడం కుదరదు.

విడిగా లెక్క తీస్తే ఎంత తేడా వస్తుందో సుప్రీంకోర్టే 2010లో రాజ్‌కుమార్ కేసులో చెప్పింది. డాక్టరు రాసిన వైకల్య శాతం వేరు, దానివల్ల పోయిన సంపాదన శాతం వేరు. మంటల్లో చేతి వేళ్లు కాలి బిగిసిపోయిన కుట్టుపనివాడికి సర్టిఫికెట్‌లో పడేది తక్కువ శాతమే కావచ్చు, పోయింది మాత్రం మొత్తం జీవనాధారం. ఈ సంగతి కోర్టుకు ఎక్కాలంటే డాక్టరును సాక్షిగా పిలిపించాలి, పాత సంపాదన నిరూపించాలి, రాబోయే ఆపరేషన్ల అంచనా పెట్టాలి. బాధితుడి చేతిలో డబ్బు లేక, వచ్చే పరిహారంలోనూ వాటా లేకపోతే, లాయరు ఇంత శ్రమ ఎందుకు పడతాడు?

ఎదుటి వాదనను తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. దానికి బలమిచ్చే కేసు ఒకటి తెలంగాణ నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న మహిళ మీద, పరిహారంలో శాతం లెక్కన ఫీజు బాకీ ఉందంటూ, ఆమె సంతకం చేసిన చెక్కు చెల్లలేదని ఆమె లాయరే కేసు పెట్టాడు. 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వచ్చే పరిహారంలో వాటా అడగడం ప్రజా విధానానికి విరుద్ధమని తేల్చింది, లాయర్ల ఫీజుల మీద చట్టం ఆలోచించమని ప్రభుత్వానికి సూచించింది. నిషేధం ఉండగానే ఇలా జరిగితే, ఎత్తేశాక ఆస్పత్రి వార్డుల్లోకి వకాల్తా కాగితాలతో దళారులు దిగరని ఎవరు హామీ ఇస్తారు? నొప్పితో, అప్పుతో ఉన్న మనిషి ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడు. పైగా వాటా తీసుకునే లాయరుకు తక్కువ మొత్తానికైనా తొందరగా రాజీ కుదిరితేనే లాభం కావచ్చు. పదేళ్ల తర్వాతి ఆపరేషన్ బాధితుడికి కావాలి గానీ లాయరుకు అక్కర్లేదు.

నిషేధం పక్షానివారు ఉచిత న్యాయ సహాయం ఉంది కదా అంటారు. ఉంది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కార్మికులతో పాటు పెద్ద విపత్తుల, పారిశ్రామిక ప్రమాదాల బాధితులకూ ఆ హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ లాయరును ఇస్తుంది, కోర్టు ఫీజు కూడా భరిస్తుంది. కానీ ప్యానెల్ లాయరుకు ఇచ్చే స్వల్ప రుసుముతో నిపుణుల సాక్ష్యాలు, సంవత్సరాల వాయిదాలు నెట్టుకురమ్మనడం న్యాయం కాదు. ఆ వాయిదాలు ఎంత సాగుతాయంటే, 2006లో మీరట్ వస్తు ప్రదర్శనలో 65 మందిని బలిగొన్న మంటలకు బాధ్యత నిర్వాహకులది 60 శాతం, రాష్ట్రానిది 40 శాతం అని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2022 వచ్చింది.

నా మటుకు నిషేధాన్ని పూర్తిగా ఎత్తేయడం ప్రమాదం, ఇలాగే వదిలేయడం అన్యాయం. ఇంగ్లండ్‌లో గాయాల కేసుల్లో లాయరు వాటాను 25 శాతానికి కట్టడి చేశారు. అందులోనూ భవిష్యత్తు చికిత్సకు, భవిష్యత్తు సంపాదన నష్టానికి ఇచ్చే డబ్బును వాటా లెక్కలోకి రానివ్వరు. మనం తీసుకోవలసింది ఆ రెండో నియమం. ఒప్పందం రాతలో ఉండి, కోర్టు చూసి ఆమోదించి, రాబోయే ఆపరేషన్ల డబ్బు బాధితుడి పేరనే బ్యాంకులో పడితే పరిమిత వాటాకు అభ్యంతరం ఉండకూడదు. ఆ రక్షణలు లేకుండా అయితే ఇప్పుడున్న నిషేధమే మేలు.

చట్టం మారేదాకా ఒక విన్నపం. మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ ఎవరైనా ఇలా కాలిపోయి ఆస్పత్రిలో ఉంటే, ఖాళీ కాగితం మీదా, చెక్కు మీదా సంతకం పెట్టనివ్వకండి. ఎఫ్ఐఆర్ నకలు, అగ్నిమాపక శాఖ నివేదిక, ఆస్పత్రిలో రాసే ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) కాగితం, డిశ్చార్జి సమ్మరీ, ప్రతి మందుల బిల్లూ దాచండి. గాయాల ఫొటోలు తేదీలతో సహా తీయండి. న్యాయ సహాయం కోసం 15100కు ఫోన్ చేయండి.