చెక్కపెట్టె నేర్పే చదువు

చేతితో చేసే పని వేరు, తలతో చేసే చదువు వేరు అన్న భావం మన విద్యాలయాలలో చాలాకాలంగా వేళ్ళూనుకొని ఉన్నది. కలం పట్టిన చేయి ఉలిని ముట్టరాదని ఎవరూ శాసించలేదు. అయినను ఆ శాసనం నిరాఘాటంగా అమలు జరుగుతూనే ఉన్నది. ఈ అడ్డుగోడను తొలగించుటకు గొప్ప యంత్రశాలలు అక్కరలేదనీ, పావు పలక ప్లైవుడ్ చాలుననీ మా విశ్వాసం. కారు డిక్కీలో అమర్చే సబ్ వూఫర్ పెట్టెను విద్యార్థి స్వయంగా తయారు చేసుకొనుటను గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

మహేశ్వరం పరిసరాలలో ఇది ఊహకందని విషయం కాదు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుండి ఈ ప్రాంతపు రూపురేఖలే మారిపోయినవి. ఎడ్లబండ్లు నడిచిన బాటలలో అద్దెకార్లు పరుగులు తీస్తున్నవి. విమానం దిగి వచ్చే ప్రయాణికుని కోసం గంటల తరబడి ఎదురుచూచే డ్రైవరుకు కారే కొలువు, కారే విశ్రాంతి మందిరం, పాటే తోడు. పైగా మంద్రధ్వని మీది మక్కువ మనకు అరువు తెచ్చుకొన్నది కాదు. మన పల్లెలలో డప్పు మ్రోగని పండుగ లేదు. నిజాముల కాలంలో అరబ్బు, సిద్దీ సైనికులతో వచ్చిన మర్ఫా వాద్యం నేటికీ హైదరాబాదు పెళ్ళి ఊరేగింపులలో గుండెలను కదిలిస్తూనే ఉన్నది. ఇక ధ్వనిని కట్టడంతో మచ్చిక చేసుకొనే విద్య కూడా ఈ నేలకు తెలిసినదే. గోల్కొండ కోట ద్వారమండపంలో కొట్టిన చప్పట్లు కొండ మీది బాలాహిసారులో వినబడుట అందరూ ఎరిగినదే గదా! ఆ విద్యకే ఒక చిన్న రూపం ఈ చెక్కపెట్టె.

అసలు పెట్టె ఎందుకు, స్పీకరు ఒక్కటి చాలదా అని అడిగేవారున్నారు. స్పీకరులోని గరాటు ముందుకు కదలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకొంటుంది. అదే క్షణంలో వెనుకనున్న గాలి పలచబడుతుంది. మంద్రధ్వనుల తరంగాలు చాలా పొడవైనవి. సెకనుకు 50 కంపనాలు గల ధ్వని తరంగం పొడవు దాదాపు 6.9 మీటర్లు, చిన్న కారు నిడివి నాలుగు మీటర్లయినా ఉండదు. అందువలన వెనుకటి పలచన చుట్టూ తిరిగివచ్చి ముందరి ఒత్తిడిని చాలావరకు రద్దు చేస్తుంది. పెట్టె చేసే మొదటి పని ఆ రెంటినీ కలవనీయకుండుట. మూసిన పెట్టెలోని గాలి స్ప్రింగువలె పనిచేసి గరాటును అదుపులో కూడా ఉంచుతుంది. ఈ సూత్రంతోనే 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ చిన్న పెట్టె నుండి గంభీరమైన ధ్వనిని రాబట్టాడు. పెట్టె పరిమాణానికీ స్పీకరు గుణాలకూ గల సంబంధాన్ని గణితంలో నిలిపినవారు ఇద్దరు: 1961లో తన పత్రాన్ని ప్రకటించిన ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్, 1970 దశకం తొలి సంవత్సరాలలో ఆ పరిశోధనను విస్తరించిన రిచర్డ్ స్మాల్. నేటికీ స్పీకరుతో వచ్చే కాగితం మీది అంకెలు వారి పేర్లతోనే చెలామణి అవుతున్నవి.

చెక్క ఎంపికలోనూ ఒక పాఠం ఉన్నది. బొబ్బిలి వీణకు వాడే పనస చెక్క తంత్రితో పాటు తానూ పాడాలి. స్పీకరు పెట్టె చెక్క ధర్మం దీనికి సరిగా విరుద్ధం. అది మౌనం వహించాలి. పెట్టె గోడలు తామే కంపించినచో పాటలో లేని గొణుగుడు పుడుతుంది. ప్లైవుడ్ అనగా పలుచని చెక్కపొరలను, ఒకదాని నార నిలువుగా, మరొకదాని నార అడ్డంగా వచ్చేటట్లు జిగురుతో అతికి ఒత్తిన పలక. అందుచేత అది ఏ వైపునకూ సులభంగా వంగదు, ఎండకూ వానకూ తొందరగా చీలదు. 18 మిల్లీమీటర్ల మందం గల మంచి పలక ఈ పనికి తగినది. చెక్కపొట్టును అదిమి చేసిన చవక పలక తేమ తగిలితే ఉబ్బుతుంది, స్క్రూలు పట్టు విడుస్తవి.

ఇక కొలతల మాట. ఒక పన్నెండు అంగుళాల స్పీకరుకు 35 లీటర్ల మూసిన పెట్టె కావలెననుకొందాము. లోపలి కొలతలు 40, 35, 25 సెంటీమీటర్లయితే లెక్క సరిగా కుదురుతుంది. ఆ అంకెలనే బయటి కొలతలుగా తీసుకొని పలక కోసినచో లోపల మిగిలేది ఇరవై నాలుగున్నర లీటర్లు మాత్రమే. నూటికి ముప్పై పాళ్ళ గాలి పలక మందానికే బలియైపోతుంది. కనుక బయటి కొలతలు 43.6, 38.6, 28.6 సెంటీమీటర్లు కావాలి. స్పీకరు వెనుక భాగం ఆక్రమించే చోటును కూడా కలుపుకోవాలి. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల పలకలో నాలుగవ వంతుతో పెట్టె పూర్తి అవుతుంది. అంచులను మూలమట్టంతో సరిచూచి, జిగురు పూసి, స్క్రూలు బిగించి, లోపలి సందులన్నీ పూడ్చాలి. సన్నని చీలిక మిగిలినా చాలు, పెట్టె బుసకొడుతుంది.

పట్టా పుచ్చుకోని వడ్రంగికి ఇదంతా కొత్త కాదు. తలుపు చట్రం చేసే ప్రతిసారీ చెక్క మందాన్ని విడిచి కొలుచుట అతనికి నిత్యకృత్యం. మన విద్యార్థియో, అనునాదాన్ని తప్పులేకుండా నిర్వచించగలడు. రంపం చేతికిస్తే దిక్కులు చూస్తాడు. ఒకని వద్ద చేయి ఉన్నది, సూత్రం లేదు. మరొకని వద్ద సూత్రం ఉన్నది, చేయి లేదు. ఇరువురూ నష్టపోతున్నారు. అది దేశానికే నష్టమని మా మనవి.

విద్యుత్తు విషయంలో ఈ లోపం ప్రాణాల మీదికే తేగలదు. కారు బ్యాటరీ 12 వోల్టులదే గదా, భయమేమి అనుకొనుట పొరపాటు. నిజంగా 300 వాట్లు ఇచ్చే యాంప్లిఫయరుకు 25 ఆంపియర్లకు పైగా విద్యుత్ప్రవాహం కావాలి. సన్నని తీగ వేస్తే అది వేడెక్కి కాలుతుంది. తగిన లావు గల తీగ వేసి, బ్యాటరీ నుండి మూరెడు దూరం దాటకముందే ఫ్యూజు అమర్చాలి. డబ్బా మీద అచ్చువేసిన వేల వాట్లను నమ్మేవానికీ, వోల్టులను ఆంపియర్లతో గుణించి చూచేవానికీ గల తేడాయే చదువు.

ఇది విలాసమే గాని విద్య కాదని పెద్దలు అనవచ్చును. వారికి ఒక సంగతి గుర్తు చేయుదుము. 1937లో మౌలిక విద్యా ప్రణాళికను రూపొందించిన సంఘానికి అధ్యక్షత వహించిన డాక్టర్ జాకిర్ హుసేన్ 1897లో మన హైదరాబాదులోనే జన్మించారు. చేతివృత్తిని కేంద్రంగా చేసుకొని చదువు సాగాలన్నదే ఆ ప్రణాళికకు ప్రాణం. ఆనాడు బాలుని చేతికి రాట్నం ఇచ్చినారు. ఈనాటి యువకుడు మనసుపడిన వస్తువు స్పీకరు పెట్టె అయితే దానినే పాఠంగా మలచుట ఎందుకు తప్పు? బహదూర్‌పురాలో కె. సుధాకర్ 2010లో నెలకొల్పిన సుధా కార్ల ప్రదర్శనశాలను చూచినవారికి, చేతి నేర్పూ తలలోని లెక్కా కలిస్తే ఎంతటి వింతలు సాధ్యమో వేరే చెప్పనక్కరలేదు. కావున ప్రతి కళాశాల ఏటా పది దినాలైనా ఊరి వడ్రంగినీ, కార్ల విద్యుత్తు పనివానినీ గౌరవ వేతనంతో ఆచార్యులుగా ఆహ్వానించాలి. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకే గాక ఉర్దూ, తెలుగు సాహిత్య విద్యార్థులకూ, విద్యార్థినులకూ ఆ తరగతిలో చోటు ఉండాలి.

చివరగా పొరుగువాని హక్కు. పొడవైన తరంగాలను ఇటుక గోడ అంతగా ఆపలేదు. పక్కింటికి పాట మాధుర్యం చేరదు. దెబ్బ మాత్రమే చేరుతుంది. అక్కడ జ్వరంతో ఉన్న ముసలివారుండవచ్చు, పరీక్షకు చదివే పిల్లలుండవచ్చు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు రాత్రిగా లెక్క. వినేవాని చెవికీ ముప్పు ఉన్నది. 85 డెసిబెల్స్ ధ్వనిని ఎనిమిది గంటలకు మించి వినరాదనీ, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ గడువు సగమవుతుందనీ నిపుణులు హెచ్చరిస్తున్నారు.

పెట్టెకు కొలత ఎంత అవసరమో వాడకానికీ అంతే అవసరం. మిల్లీమీటరు తప్పితే పెట్టె చెడుతుందని తన చేతులతో తెలుసుకొన్నవానికి, మోతాదు మించితే పాట చెడుతుందని నచ్చజెప్పుట కష్టం కాదు. మిత్రులారా, ధ్వని పెంచుటకు మీట ఒకటి తిప్పితే చాలు. ధ్వనిని శుద్ధంగా పలికించుటకు మాత్రం చదువూ కావాలి, చేయీ కావాలి. ఆ రెంటినీ ఒక్క బల్ల మీదికి తేవడం కళాశాలల బాధ్యత. బల్ల ముందు నిలబడి రంపం అందుకొనుట మన బాధ్యత.