విమానం ఇంజను - మన మెట్ట పొలం

అట్లాసు తెరిచి, హైదరాబాదు నుండి చెన్నైకి స్కేలు పెట్టి ఒక గీత గీయండి. ఆ గీత మార్కాపురానికీ గిద్దలూరుకీ మధ్యగా, కంభం పక్కనే పోతుంది. విమానాలు సరిగ్గా ఆ గీత మీదే నడవవు గాని, మన ప్రాంతం మీదుగా పోతూనే ఉంటాయి. "వాటిలో ఎక్కేవాళ్ళు మనలో ఎందరు? వాటి సంగతి మనకెందుకు?" అని మీరు అడగవచ్చు. మనకు తప్పక కావాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

విమానంలో మండేది కిరసనాయిలు జాతి చమురే. ఒక కిలో చమురు కాలితే సుమారు 3.16 కిలోల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఒక కిలో మూడు కిలోలు ఎలా అయిందని ఆశ్చర్యపోకండి. చమురులోని కార్బన్‌తో గాలిలోని ఆక్సిజన్ కలిసింది కదా, ఆ బరువు అది! భూమిని వేడెక్కించే ఈ వాయువు విడిచిన చోటనే ఉండిపోదు, ప్రపంచమంతా పరచుకొంటుంది. విమానం ఎక్కని వారికి కూడా ఆ వేడిలో వాటా తప్పదు.

మరి చమురు తక్కువ తాగే ఇంజను చేయలేమా? చేయవచ్చు. ఇంజను గాలిని వెనక్కి నెడుతుంది, గాలి విమానాన్ని ముందుకు నెడుతుంది. ఇది న్యూటన్ మూడవ నియమం. ఇప్పుడొక చిన్న లెక్క. ఒక కిలో గాలిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నెడితే ద్రవ్యవేగం 20, ఖర్చయ్యే గతిజ శక్తి 200 జౌళ్ళు. పది కిలోల గాలిని 2 మీటర్ల వేగంతో నెట్టినా ద్రవ్యవేగం 20 యే. కాని శక్తి 20 జౌళ్ళు చాలు! విమానం కూడా కదులుతూ ఉంటుంది కనుక అసలు ఇంజనులో ఇంత లాభం రాదు. అయినా కిటుకు ఇదే: ఎక్కువ గాలిని నెమ్మదిగా నెట్టాలి. అందుకే ఇంజను ముందు పెద్ద పంకా పెడతారు. 1970లలోని బోయింగ్ 737 ఇంజనులో, మంటగదిలోకి పోయే ప్రతి కిలో గాలికి సుమారు ఒక కిలో మాత్రమే పక్క దారిన పోయేది. 2016లో వాడుకలోకి వచ్చిన లీప్ ఇంజనులలో 9 నుండి 11 కిలోలు పోతుంది. వెనుకటి తరం కన్నా ఇవి 15 శాతం చమురు ఆదా చేస్తాయని తయారీదారులు చెబుతారు. మోత కూడా తక్కువే.

కాని చిక్కులున్నాయి. పంకా పెరిగితే బరువూ, గాలి అడ్డగింపూ పెరుగుతాయి. మంట వేడి పెంచితే చమురు ఆదా అవుతుంది గాని, ఆ వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి హానికరమైన నైట్రోజన్ ఆక్సైడులు పుడతాయి. ఒకటి తగ్గిస్తే ఇంకొకటి పెరుగుతుంది! ఈ తూకం కుదర్చటమే ఇంజనీరు పని. ఆ పని మనకు దూరమైనది కాదు. అంత వేడికి తట్టుకొనే మిశ్రమ లోహాలను తయారుచేసే మిధాని సంస్థ 1973 నుండి హైదరాబాదులోనే ఉంది. లీప్ ఇంజను భాగాలు కొన్ని హైదరాబాదులో తయారవుతున్నాయి. ఆ ఇంజనులను మరమ్మతు చేసే కేంద్రం 2025 నవంబరులో అక్కడే ప్రారంభమైంది.

"ఇంజనుతో ఇంత తిప్పలెందుకు? చమురునే పొలంలో పండిద్దాం" అనేవారున్నారు. మొక్క పెరిగేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువునే పీల్చుకొంటుంది కనుక అందులో నిజం లేకపోలేదు. 2018 ఆగస్టు 27న జట్రోఫా, అంటే అడవి ఆముదం, గింజల నుండి తీసిన ఇంధనం కలిపి డెహ్రాడూన్ నుండి ఢిల్లీకి విమానం నడిపారు. 2027లో అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 1 శాతం, 2028లో 2 శాతం ఇలాంటిది కలపాలని మన ప్రభుత్వ లక్ష్యం.

అయితే ఆ మొక్కలు ఎక్కడ పెరగాలి? "బీడు భూముల్లో" అని జవాబు వస్తుంది. బీడు అనగానే మనవంటి మెట్ట ప్రాంతాల మీదే కదా అందరి చూపూ! జట్రోఫా నీరు లేకున్నా బతుకుతుంది, నిజమే. కాని బతకటం వేరు, కాయటం వేరు. గింజ బాగా పట్టాలంటే నీరు కావాలి. కంభం చెరువు నిండిన ఏడు పండుగ, నిండని ఏడు దిగులు అని మీకు తెలుసు. ఆ నీరు ముందు తిండి పంటకా, విమానానికా?

విమానానికి మొక్కల చమురు వద్దని నేను అనను. వాడిన వంటనూనె, పంట వ్యర్థాలు ముందు వాడాలి. పొలం గట్టున కానుగ చెట్టు పెరిగితే సంతోషమే. తిండి పండే నేలను, తాగే నీటిని మాత్రం అడగరాదు. ఇంజను ఆదా చేసిన ప్రతి కిలో చమురూ ఏ చేలోనూ పండించనక్కరలేని చమురు. కనుక భారం మొదట ఇంజను మోయాలి, తరువాతే పొలం.

ఇంకొక్క మాట. ఒక ప్రయాణానికి 100 కిలోల చమురు 85కు తగ్గి, ప్రయాణాలు మాత్రం రెండింతలయితే మొత్తం ఎంత? 170 కిలోలు! అందుచేత ఒక్క ఇంజను లెక్క చాలదు, మొత్తం లెక్క చూడాలి. రైలుతో సరిపోయే ప్రయాణానికి విమానం ఎందుకని కూడా అడగాలి.

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన పిల్లలు ఎందరో ఇంజనీర్లయ్యారు. రేపు మీలో ఒకరు ఇంజను గీయవచ్చు. ఆనాడు అది ఎంత చమురు తాగుతుందన్న లెక్క పక్కనే, ఆ చమురు ఎవరి నేల నుండి, ఎవరి నీటి నుండి వస్తుందన్న లెక్క కూడా వేయండి.