గురుముఖమున నేర్చుటయా? స్వయముగ నేర్చుటయా?



ఈ మాసమున హైదరాబాదునుండి ఒక సోదరి నాకు జాబు వ్రాసినది. ఆమెకు ఏబది యేండ్లు దాటినవి. పిల్లలు పెద్దవారై యెవరి సంసారములు వారు చక్కబెట్టుకొనుచున్నారు. భర్తగారు ఉద్యోగవిరమణ పొంది, గోలకొండ కోట ప్రక్కనున్న మైదానమున గోల్ఫు ఆడుచుందురట. తానును ఆయనతో కలిసి ఆడవలెనని ఆమెకు వేడుక పుట్టినది. భర్తగారే నేర్పుటకు పూనుకొనిరి. ఆరు మాసములు గడచినవి. బంతి తిన్నగా పోవుటకు మారుగ కుడివైపు చెట్లలోనికి పోవుచున్నది. "తల యెత్తకు" మని భర్తగారి మందలింపు. "ఫోనులో వందలకొలది పాఠములున్నవి, చూచి నేర్చుకొనుమమ్మా" యని కుమారుని సలహా. మైదానమున రుసుము పుచ్చుకొని నేర్పు శిక్షకుడొకడు లేకపోలేదు. "ఈ వయసున నాకు గురువేల, ఖర్చేల? నలుగురు నవ్వరా? ఆట మానివేయుదునా?" అని ఆమె ప్రశ్న.

నేను గోల్ఫుకఱ్ఱను చేతబట్టినదానను గాను. బడిపంతులుగారి యిల్లాలికి ఆ యోగము పట్టలేదు. అయినను ఆమె యడిగినది కఱ్ఱనుగూర్చి గాదు, నేర్చుకొనుటనుగూర్చి. ఆ ప్రశ్న మనలో వీణ పట్టినవారికిని, కుట్టుపని నేర్చినవారికిని, పద్యము చదువువారికిని అందరికిని కలదు. అందువలన ఆ యాటనుగూర్చి దొరికినంత చదివి, నాకు తోచినది వ్రాయుచున్నాను.

గోల్ఫు చూచుటకు మిక్కిలి సులభమైన ఆట. బంతి కదలక నిలిచియుండును. ఎదుటినుండి తరుముకొని వచ్చువా రెవరును లేరు. పొడవైన కఱ్ఱతో దానిని కొట్టుచు, ఒకదాని తరువాత నొకటిగ 18 గుంటలలో పడవేయవలెను. తక్కువ దెబ్బలతో ముగించినవారిది గెలుపు. బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదని నియమము. ఇంతమాత్రపు దానిని కొట్టుటకు గురువెందుకని యెవరికైనను తోచును. జీవనమునకు గాక వేడుకకు ఆడువారిలో పెక్కురు ఆ తలంపుతోనే యెన్నడును ఒక్క పాఠమైనను చెప్పించుకొనక, యేండ్ల తరబడి ఆడుచుందురు.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. కఱ్ఱతల బంతిని తాకియుండు కాలము సెకనులో ఇంచుమించు రెండువేలవ వంతు. ఆ క్షణమున కఱ్ఱముఖ మెటు తిరిగియున్నదో కొట్టువారి కంటికి కానరాదు. కఱ్ఱ వీపువెనుకనుండి యే మార్గమున వచ్చినదో అంతకంటెను కానరాదు. చేసితినని మనమనుకొన్న దొకటి, శరీరము చేసినది వేరొకటి. ముగ్గు వేయునపుడు గీత వంకరపోయినచో తలయెత్తి చూచి దిద్దుకొనవచ్చును. గోల్ఫునందు మనమే గీత, మనమే చేయి. చూచువారు వేరొకరు కావలెను.

మన సోదరికి కలిగిన కష్టమునే తీసికొందము. బంతి కుడివైపునకు వంగిపోవుటను ఆ యాటవారు స్లైసు అందురు. కుడిచేతివాటమువారు కొట్టునపుడు, కఱ్ఱ పోవు దారికంటె కఱ్ఱముఖము కుడివైపునకు తెరచుకొనియున్నచో బంతి అట్లు తిరుగును. గురువు లేనివారు ఏమి చేయుదురు? బంతి కుడికి పోవుచున్నది గనుక, కొంచెము ఎడమవైపునకు గురిచూచి నిలుతురు. ఇది బుద్ధికి సమ్మతముగనే యున్నది. కాని ఎడమకు తిరిగి నిలిచినకొలది కఱ్ఱ మరింత అడ్డముగ, వెలుపలినుండి లోపలికి కోసికొనుచు వచ్చును. కఱ్ఱ దారికిని ముఖమునకును నడుమ ఎడము పెరుగును. బంతి ఇంకను ఎక్కువగ కుడికి తిరుగును. అంతట వారు ఇంకను ఎడమకు నిలుతురు. మందే రోగమును పెంచుచుండ, రోగము పెరిగినదని మందు హెచ్చించుట వంటి దిది. సోమరులైనవారి కంటె పట్టుదలతో అభ్యసించువారికే ఈ కీడు ఎక్కువ. వారు తప్పునే దినమునకు నూరుమారులు అభ్యసింతురు గదా.

"గొప్పవారు గురువు లేకయే నేర్వలేదా? ఏకలవ్యుని మాట యేమి?" అని మీరడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే.

అమెరికాలోని అట్లాంటా నగరమున 1902లో జన్మించిన బాబీ జోన్సు జీవనమునకు న్యాయవాది, ఆటలో కడవరకు వేడుకకాడు. ఆయన 1930లో బ్రిటను, అమెరికా దేశముల ఓపెను పోటీలను రెంటిని, అమెచ్యూరు పోటీలను రెంటిని ఒక్క యేటనే గెలిచి, 28 యేండ్ల వయసున పోటీలనుండి విరమించెను. బాల్యమున ఆయన పద్ధతిగా పాఠములు చెప్పించుకొనలేదు. కాని ఇంటి చెంతనున్న మైదానమున స్టూవర్టు మెయిడెన్ అను స్కాట్లండువాసి శిక్షకుడుగ నుండెను. బాలుడు ఆయన వెంట తిరుగుచు, ఆయన కఱ్ఱ విసరు తీరును చూచి చూచి అనుకరించెను. పెద్దవాడై పేరుపొందిన పిదపకూడ ఆట కుంటుపడినపుడు ఆ మితభాషి యొద్దకే పోయెడివాడు.

ఇంగ్లండున జాయిసు వెదర్డు అను కన్య యుండెడిది. 1920లో, 18 యేండ్ల ప్రాయమున, పేరులేని పిల్లగ వచ్చి ఇంగ్లీషు స్త్రీల పోటీని గెలిచినది. 1924 వరకు వరుసగా అయిదేండ్లు ఆ పోటీ ఆమెదే. బ్రిటిషు స్త్రీల అమెచ్యూరు పోటీని 1922, 1924, 1925, 1929 సంవత్సరములలో గెలిచినది. ఈమెయును ఎక్కువగ చూచి నేర్చినదే. అయితే ఎవరిని చూచి? ఆమె యన్న రోజరు 1921 ఓపెను పోటీలో మొదటిస్థానమునకు సమముగ నిలిచి, మరల ఆడిన ఆటలో ఓడినవాడు. అట్టి యన్నతోడను, అతని మిత్రులతోడను ఆడుచు పెరిగినది.

మన దేశముననే చూడుడు. 1829లో స్థాపింపబడిన కలకత్తా రాయలు గోల్ఫుక్లబ్బున పచ్చికను కాచు పనివాని కుమారుడు చౌరాసియా, ఇతరుల కఱ్ఱలసంచి మోయుచు, చూచి నేర్చి, 2008లో ఇండియను మాస్టర్సు పోటీని గెలిచెను.

కావున స్వయముగ నేర్చినవారని లోకము చెప్పు వీరికి గురువు లేకపోలేదు. రుసుము పుచ్చుకొను గురువు లేడు, అంతియే. ప్రతిదినము కన్నులయెదుట ఒప్పైన ఆట యుండెను. ఏకలవ్యునకు మట్టిబొమ్మ చాలినదన్నచో, అది అతని యసామాన్యమైన ఏకాగ్రత. మనకు ఇంట అట్టి యన్నలేదు, అంతటి యేకాగ్రతకు తీరికయు లేదు. పొయ్యిమీద పాలు పెట్టి వచ్చినవారము.

ఏకలవ్యుని తలచుకొన్నచో బొటనవ్రేలు జ్ఞప్తికి రాక మానదు. గోల్ఫునందును మొదటిపాఠము బొటనవ్రేలిదే. పెక్కురు పట్టు పద్ధతిలో ఎడమచేతి బొటనవ్రేలు కఱ్ఱవెంబడి క్రిందికి దిగియుండును. కుడిఅరచేయి దానిని కప్పును. కుడిచేతి చిటికెనవ్రేలు ఎడమచేతి చూపుడువ్రేలిపై నెక్కియుండును. బ్రిటిషు ఓపెను పోటీని ఆరుమారులు గెలిచిన హారీ వార్డన్ పేర ఈ పట్టు ప్రసిద్ధమైనది. తొలుత చేతికి ఇది యిబ్బందిగ నుండును. గరిటె పట్టినట్లు, రోకలి పట్టినట్లు పట్టుటయే సుఖముగ తోచును. చేతికి సుఖమైనది సరియైనదని నమ్మి ఆరుమాసములు అభ్యసించినచో, దానిని మాన్పుటకు మరియొక ఆరుమాసములు పట్టును. ద్రోణుడు శిష్యుని బొటనవ్రేలు కోరెను. ఈ గురువు దానిని సరియైన చోట నుంచుమని మాత్రమే కోరును. ఈ దక్షిణ మనము ఈయగలము.

మంచి గురువు బోధించునది కొండంత యుండదు. ఎర్నెస్టు జోన్సు అను ఆంగ్లశిక్షకుడు మొదటి ప్రపంచయుద్ధమున కుడికాలిని మోకాలి క్రింద పోగొట్టుకొనెను. ఒంటికాలితోనే మరల ఆడి, శరీరభాగముల నన్నిటిని వేరువేరుగ తలపోయుట వ్యర్థమనియు, కఱ్ఱతలను ఊపుటయే ముఖ్యమనియు నిశ్చయించుకొనెను. పిదప అమెరికాకు పోయి నేర్పెను. చేతిరుమాలు కొనకు చిన్నచాకు కట్టి ఊయెలవలె ఊపి చూపెడివాడు. బలముతో త్రోయబోయినచో రుమాలు ముడుచుకొనిపోవును. మెల్లగ ఊపినచో చాకు చక్కని వంపున సాగును. ఆయన శిష్యురాలు వర్జీనియా వాన్ వీ 1932, 1933, 1934 సంవత్సరములలో వరుసగ అమెరికా స్త్రీల అమెచ్యూరు పోటీని గెలిచినది. "తల యెత్తకు, మోచేయి వంచకు, మోకాలు కదల్చకు" అని దెబ్బదెబ్బకు పది యాజ్ఞలు చేయువారికిని, ఒక్క రుమాలు చూపువానికిని భేద మిదియే. ఆ సోదరి భర్తగారికి ఈ పేరాను చూపవచ్చును, నాకు అభ్యంతరము లేదు.

మరి ఫోనులోని పాఠములు? చూచి నేర్చుట క్రొత్తది కాదు. బాబీ జోన్సు 1931లోనే చలనచిత్రములలో తన ఆటను చూపెను. ఇప్పుడు మన విసురును మనమే పటము తీసి నెమ్మదిగ త్రిప్పి చూచుకొనవచ్చును. ఇది గొప్ప మేలే. అయినను మందులకొట్టున మందులన్నియు నుండును. మన రోగమునకు ఏది తగునో చెప్పుటకు నాడి చూచువాడు కావలెను. పటమున తప్పు కనబడును. అందు ఏది కారణమో, ఏది దాని ఫలమో కనిపెట్టుటకు పండిన కన్ను కావలెను.

ఇక నా సంగతి యొకటి చెప్పెదను. నేను బడికి పోలేదు. మా నాయనగారి యొద్ద భారతభాగవతములు చదివితిని. అత్తవారింటికి వచ్చిన పిదప, వంట ముగించుకొని, నాకు నేనే చదువుకొనుచుంటిని. ఒక సీసపద్యమున, రాగమునకు అనువుగ నున్నదని, ఒక హ్రస్వమును దీర్ఘముచేసి పాడుట అలవాటయ్యెను. ఎనిమిదేండ్లు అట్లే పాడితిని. ఒకనాడు నాయనగారు మాయింట నుండగా, మా అమ్మాయి ఆ పద్యమును నా రాగముననే పాడినది. ఆయన చిరునవ్వుతో, "అమ్మా, అచ్చట లఘువు గదా, గురువెట్లయినది?" అనిరి. గురువు దగ్గర లేకపోవుటచేతనే లఘువు గురువైనది! దిద్దుటకు నాయనగారికి పట్టినది అరనిమిషము. నాలుకనుండి దానిని తొలగించుకొనుటకు నాకు మూడు మాసములు పట్టినది. పిల్ల మాత్రము వారమునకే మానినది. నా తప్పు నాతో పోక బిడ్డకు సంక్రమించినదే యని నాడు నేను పడిన సిగ్గు ఇప్పటికిని మరువలేదు. నాయనగారు ఏటికొకమారైనను వినియుండినచో అంతవరకు రాకపోయెడిది.

కావున, అక్కగారూ, నా సలహా యిది. మొదట నాలుగైదు పాఠములు, వారమునకో పక్షమునకో ఒకటి చొప్పున, ఒక్కని యొద్దనే చెప్పించుకొనుడు. ఇద్దరు గురువుల నడుమ చేయి తడబడును. పట్టు, నిలుకడ, ఊపు, ఈ మూడు కుదిరినచో పిమ్మట మీ యంతట మీరు అభ్యసింపుడు. పాఠమునకు పాఠమునకు నడుమ స్వయంకృషి లేనిదే గురువు చెప్పినది ఒంటబట్టదు. ఆపై ఏటికొకమారు తప్పక మరల పోయి చూపించుకొనుడు. పదునెనిమిది ప్రధానపోటీలు గెలిచిన జాక్ నిక్లాసు, పదియేండ్ల వయసున 1950లో తనకు నేర్పిన జాక్ గ్రౌటు యొద్దకే ఏటేట పోయి, ఓనమాలనుండి మరల ఆరంభించెడివాడు. ఆయనకు లేని సిగ్గు మనకేల?

ఇక రుసుము మాట. పిల్లల సంగీతమునకును, నాట్యమునకును, ఈతకును మనము లెక్కచూడక యిచ్చితిమి. మనవంతు వచ్చునప్పటికి "నాకెందుకులే" యందుము. ఆ "నాకెందుకులే" యను మాటను మనమెవరి యొద్దను నేర్వలేదు. స్వయముగ నేర్చినదే, తప్పుగ నేర్చినదే! దానిని ముందు దిద్దుకొనవలెను. 2016లో రియో ఒలింపిక్సున మన బెంగుళూరు పిల్ల అదితీ అశోక్ ఆడినపుడు కఱ్ఱలసంచి మోసినది తండ్రి. 2021లో టోక్యో ఒలింపిక్సున మోసినది తల్లి. ఆ పిల్ల నాలుగవ స్థానమున నిలిచినది. బిడ్డల సంచి మోయుట మనకు తెలియును. ఒక్కమారు మన సంచి మనము మోసికొని పోవుదము.

బంతి తిన్నగా పోయిన దినమున నాకొక జాబు వ్రాయుడు.