యువజన సంఘానికి దూరంగా ఉండి హక్కులు అడగగలమా?

పల్లెల్లో యువజన సంఘం మాట ఎత్తగానే మన పెద్దలలో చాలామందికి గుర్తుకు వచ్చేవి చందాల పుస్తకం, మైకు, రోడ్డు పక్కన జెండా దిమ్మె. వెంటనే, "మన పిల్లలకు అక్కడ ఏం పని?" అనే ప్రశ్న వస్తుంది. వినడానికి ఇది జాగ్రత్త మాటగానే ఉంటుంది. కాని ఈ జాగ్రత్త వల్ల గ్రామీణ ముస్లిం యువకులు, అంతకంటే ఎక్కువగా యువతులు, తమకు రావలసిన వాటిని ఏటేటా చేజార్చుకుంటున్నారు. ఆ జాగ్రత్తకు ఇక స్వస్తి చెప్పాలన్నదే నా వాదన.

మొదట అసలు విషయం తెలుసుకుందాం. గ్రామీణ యువతను సంఘటితం చేయడానికి కేంద్ర ప్రభుత్వం 1972లో నెహ్రూ యువ కేంద్రాలను ప్రారంభించింది. 1987లో వాటిని ఒక స్వయంప్రతిపత్తి గల సంస్థ కిందకు తెచ్చింది. ఊరూరా యువజన సంఘాలు, మహిళా మండళ్లు ఏర్పడేలా చూడడం, వాటి ద్వారా క్రీడలు, వృత్తి శిక్షణ, ఆరోగ్య ప్రచారం, నాయకత్వ శిబిరాలు నిర్వహించడం వాటి పని. 18 నుండి 29 సంవత్సరాల వారిని జాతీయ యువ వాలంటీర్లుగా తీసుకొని నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చిన పథకమూ వాటి ద్వారానే నడిచింది. 2014 జాతీయ యువజన విధానం 15 నుండి 29 సంవత్సరాల వారిని యువతగా గుర్తించింది. 2023 అక్టోబరు 31న ప్రారంభమైన 'మేరా యువ భారత్' కూడా ఆ వయసు వారికోసమే. పేర్లు మారవచ్చు, పథకాలు మారవచ్చు. ఊరిలో నమోదై, పుస్తకాలు సక్రమంగా నడిపే సంఘానికి ఉండే విలువ మాత్రం మారదు.

ఆ విలువ ఏమిటో నాకు కార్యాలయంలో కూర్చుని పనిచేసిన అనుభవం వల్ల తెలుసు. నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా పనిచేశాను. కుట్టు శిక్షణకో, కంప్యూటరు శిక్షణకో, యువజన శిబిరానికో పేర్లు పంపమని పైనుండి ఉత్తరం వస్తుంది. గడువు రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు ఉంటుంది. ఊరూరా తిరిగి దండోరా వేయించే తీరిక ఏ అధికారికీ ఉండదు. యువజన సంఘం అధ్యక్షుడికి ఫోను వెళుతుంది. అతడు తనకు తెలిసిన పది పేర్లు చెబుతాడు. సాయంత్రానికి జాబితా టైపు అవుతుంది, సంతకం పడుతుంది. అందులో ముస్లిం పేరు ఉండదు. కావాలని కొట్టివేసిన సందర్భాలు లేవని అనను. కాని చాలాసార్లు కొట్టివేయడానికి అక్కడ పేరే ఉండదు. జాబితా చెప్పినవాడికి మన వీధిలో ఇంటరు చదివిన పిల్లవాడు ఉన్నాడన్న సంగతే తెలియదు. ఇలాంటి లోటు మీద ఎవరికి ఫిర్యాదు చేస్తాం?

ఇక పెద్దలు చెప్పే అభ్యంతరాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: "ఆ సంఘాలు పండుగ పందిళ్లు వేస్తాయి, పూజలు చేస్తాయి. మన ఈమాన్‌కు అది తగదు." ఈ ఆందోళనను నేను తేలికగా తీసుకోను. కాని ఉత్సవ కమిటీ వేరు, నమోదైన యువజన సంఘం వేరు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘానికి నియమావళి ఉంటుంది, కార్యవర్గం ఉంటుంది, జమాఖర్చులు ఉంటాయి. ఒకే మనుషులు రెండింటినీ నడుపుతున్న ఊళ్లలో ఆ ఖాతాలు వేరుచేయమని అడగాలి. సంఘం సొమ్ము ఏ మతం వేడుకకూ వాడరాదని తీర్మానం రాయించాలి. ఆ మాట అడిగే హక్కు సభ్యుడికి ఉంటుంది. బయట నిలబడి ఆక్షేపించేవాడిని ఎవరూ లెక్కచేయరు. పూజలో పాల్గొనమని ఏ చట్టమూ ఎవరినీ నిర్బంధించదు. రక్తదాన శిబిరంలో, చెరువు పూడికతీతలో, కబడ్డీ పోటీలో ఈమాన్‌కు వచ్చే ముప్పు ఏమిటో నాకు అర్థం కాదు.

ప్రవక్త (స) జీవిత చరిత్ర చదివినవారికి హిల్ఫుల్ ఫుదూల్ తెలుసు. మక్కాలో అన్యాయానికి గురైనవారి పక్షాన నిలబడతామని కొన్ని వంశాలవారు కలిసి చేసుకున్న ఒడంబడిక అది. ప్రవక్త పదవికి ముందు, యౌవనంలో, ఆయన అందులో పాలుపంచుకున్నారు. తరువాతి కాలంలో కూడా అటువంటి ఒడంబడికకు పిలిస్తే వెళతానని చెప్పారు. విశ్వాసం వేరైనా మేలు కోసం ఒకచోట కూర్చోవడం తప్పని చెప్పేవారు ఈ ఘట్టానికి ఏమని సమాధానం చెబుతారు?

రెండవ అభ్యంతరం: "ఇవన్నీ ప్రభుత్వం వారి ప్రచారాలు. వీటితో ఒరిగేది ఏమీ లేదు." నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి గుర్తుచేసుకోండి. 1990ల ఆరంభంలో అక్కడ అక్షరాస్యతా కార్యక్రమంలో చేరిన పేద మహిళలు చదువుకోవడానికి ఒకచోట చేరారు. ఆ చేరికలో తమ కాపురాలను కూలుస్తున్న సారా గురించి మాట్లాడుకున్నారు. ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి దారితీసింది. కార్యక్రమం ప్రభుత్వానిదే. దానిని తమ అవసరానికి మలచుకున్నది మాత్రం ఆ మహిళలు. దూరంగా ఉండి "ప్రచారం" అని పెదవి విరిస్తే వారికి ఆ దారి దొరికేదా?

మూడవ అభ్యంతరం: "మనకు మన కమిటీ ఉంది కదా!" ఉండాలి, ఉంటుంది. మస్జిద్ కమిటీ, బైతుల్ మాల్, మన విద్యార్థి సంఘాలు చేసే పనిని మరెవరూ చేయరు. కాని తాగునీటి పైపు మన వీధికి రావాలా వద్దా అన్నది తేలేది గ్రామసభలో. ఆటస్థలం ఏ వైపున ఉండాలన్నది తేలేది పంచాయతీలో. అక్కడ మాట చెల్లడానికి ఊరందరితో కలిసి పనిచేసిన పరిచయం కావాలి. మన రాష్ట్రాలలో మండల పరిషత్తుకు ఒక మైనారిటీ సభ్యుడిని, జిల్లా పరిషత్తుకు ఇద్దరిని కో-ఆప్ట్ చేసుకునే ఏర్పాటు చట్టంలోనే ఉంది. ఆ స్థానం దక్కుతున్నది ఎవరికి? చాలాచోట్ల నాయకుడి వెంట తిరిగినవారికి. తీర్మానం రాయడం, లెక్క అడగడం, సభలో నిలబడి మాట్లాడడం నేర్చుకున్న యువకులు మన వీధుల్లో నలుగురు ఉంటే ఆ స్థానానికి అర్హుడిని మనమే సూచించగలం. ఆ నేర్పు ఇరవై ఏళ్ల వయసులో సంఘంలో అబ్బాలి. నలభై ఏళ్లకు ఒక్కసారిగా రాదు.

చివరి అభ్యంతరం ఆడపిల్లల గురించి. ఇక్కడ నేను కాస్త కఠినంగానే మాట్లాడతాను. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశ సగటు అక్షరాస్యత 65.1 శాతం ఉంటే ముస్లింలలో 59.1 శాతమే ఉందని అది చూపింది. ఆ అంకెలు చదివి ప్రభుత్వాన్ని నిలదీశాం, నిలదీయవలసిందే. మరి అదే నోటితో పదవ తరగతి పాసైన కూతురిని శిక్షణకు పంపమంటే "లోకం ఏమంటుంది?" అంటున్నాం. పొద్దస్తమానం బీడీలు చుట్టి కళ్లు పాడుచేసుకుంటే ఏమీ అనని లోకం, నలుగురు ఆడపిల్లల మధ్య కూర్చుని కుట్టుపనో, లెక్కలు రాయడమో నేర్చుకుంటే అంటుందా? మగపిల్లల సంఘంలో చేర్చడం ఇష్టం లేకపోతే మహిళా మండలి ఉంది. అదీ లేకపోతే మన అక్కచెల్లెళ్లు, ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ సోదరీమణులు కలిసి ఒకటి పెట్టుకోవచ్చు. ఏడుగురు ఉంటే చాలు, సంఘం నమోదు చేసుకోవచ్చు. సమావేశం పగటిపూట పెట్టుకోవచ్చు, తల్లి వెంట రావచ్చు. పరదా పాటించే పిల్లకు చదువు, పని నిషిద్ధమని ధర్మం ఎక్కడా చెప్పలేదు.

ఇంతవరకు మనవాళ్లతో మాట్లాడాను. సంఘాలు నడిపేవారికీ, అధికారులకూ చెప్పవలసినవి ఉన్నాయి. శుక్రవారం జుమా వేళ సమావేశం పెట్టి "మీవాళ్లు రావడం లేదు" అనడం న్యాయం కాదు. రంజాన్ మాసంలో ఎండవేళ పోటీలు పెట్టి ముస్లిం జట్టు లేదని రాసుకోవడం అంతకన్నా అన్యాయం. సమావేశం నోటీసు పంచాయతీ గోడ మీదనే కాకుండా మన వీధిలోనూ అంటించాలి. సభ్యత్వ దరఖాస్తు తీసుకున్నట్లు రశీదు ఇవ్వాలి. తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి. క్రీడా సామగ్రి, శిక్షణ ఎవరికి అందాయో ఆ జాబితా బయట పెట్టాలి. ఇవేవీ ప్రత్యేక సౌకర్యాలు కావు. రాజ్యాంగంలోని 15వ అధికరణం మతం పేరిట వివక్ష కూడదంటుంది, 19వ అధికరణం సంఘంగా ఏర్పడే హక్కు ఇస్తుంది. ఆ రెండు మాటలు అమలులో ఎలా ఉండాలో అదే అడుగుతున్నాం.

కార్యకర్తలకు ఒక చిన్న పని అప్పగిస్తున్నాను. వచ్చే జుమా తరువాత మీ మస్జిద్ పరిధిలో 15 నుండి 29 సంవత్సరాల వయసున్న యువతీయువకుల పేర్లు, చదువు, ఫోను నంబర్లు ఒక పుస్తకంలో రాయండి. మీ ఊరిలో నమోదైన సంఘం ఉందో లేదో కనుక్కోండి. ఉంటే కనీసం ఐదుగురి చేత ఒకేరోజు దరఖాస్తు పెట్టించండి, ఒంటరిగా ఎవరినీ పంపవద్దు. చేర్చుకోకపోతే మండల కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగండి. సమాధానం రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజులలో జవాబు ఇవ్వవలసిందే. సంఘమే లేకపోతే మీరే పెట్టండి, అందులో అన్ని వీధుల పిల్లలనూ చేర్చుకోండి. మనల్ని బయట ఉంచారని ఆరోపించే మనం, మన సంఘంలో మరొకరిని బయట ఉంచరాదు.

పేర్ల పుస్తకం ముతవల్లీ సాహెబు దగ్గర ఒక ప్రతి, యువకుల దగ్గర ఒక ప్రతి ఉంచండి. ఈసారి మండల కార్యాలయం నుండి రెండు రోజుల గడువుతో ఉత్తరం వచ్చినప్పుడు ఆ జాబితాలోకి మన పిల్లల పేర్లు ఎక్కించడానికి ఆ పుస్తకమే పనికివస్తుంది.