ప్రహరీ వెంట నీలిపూల తీగ

తోటకు సొగసు ఖరీదైన మొక్కలవలన గాక, ఓర్పుగల మొక్కలవలన కలుగునని మా అభిప్రాయము. వార్షికోత్సవము సమీపించగనే చామంతి, బంతి కుండీలను కొని వేదికకు ఇరువైపుల బారులు తీర్చుట విద్యాసంస్థలలో పరిపాటి. వేసవి సెలవులు ముగియునప్పటికి వానిలో ఎండిన పుల్లలే మిగులును. మరుసటి యేడు మరల కొనుగోలు! దీనిని తోటపెంపకమనుట సమంజసమా?

ఇందుకు మారుగా ప్రహరీ వెంట శంఖపుష్పమును పెంచవలెనని మేము కోరుచున్నాము. దింటెన, గిరికర్ణిక, అపరాజిత అను పేర్లుగల తీగ ఇదియే. 1753లో లిన్నేయస్ దీనికొసగిన శాస్త్రనామములోని ‘టెర్నేటియా’ అను పదము ఇండోనేషియాలోని టెర్నేటె ద్వీపమును సూచించును. ఇది బహువార్షికము. వేరు లోతుగా దిగుటచే నీటి ఎద్దడికి తాళును. చిక్కుడు కుటుంబమునకు చెందినదగుటచే, వేరుబుడిపెలలోని సూక్ష్మజీవుల ద్వారా గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకును సారమునిచ్చును.

గింజ పొట్టు గట్టిది. కావున రాత్రియంతయు నీట నానబెట్టి, తొలకరికి అరంగుళము లోతున నాటవలెను. ఎండ తగులు చోటు, ప్రాకుటకు తడిక ఉన్న చాలును. మొదట నీరు నిలువరాదు. లేతకాయలను త్రుంచుచుండినచో పూత సాగును. లేనిచో కాయలు పగిలి గింజలు తోటనంతటిని ఆక్రమించును. గింజలు, వేరు తీవ్ర విరేచనకారులు గనుక నోట పెట్టరాదు.

దీనివలన చదువునకును లాభము కలదు. రేకులను వేడినీట వేసిన నీలిద్రవము లభించును. నిమ్మరసము చేర్చిన ఊదారంగునకు, పిదప గులాబిరంగునకు మారును. చాకలిసోడా చేర్చిన ఆకుపచ్చనగును. లిట్మస్ కాగితము చెప్పు పాఠమునే ఈ పువ్వు చెప్పును.

గులాబికున్న గౌరవము దీనికి లేదని కొందరనవచ్చును. ఉర్దూ కవితలో గులాబి స్థానము మాకు తెలియనిది కాదు. కాని నిత్యము కాపరిని కోరు మొక్కకు, రెండు నెలలు తాళము పడు ఆవరణ తగినది కాదు.

డిగ్రీ విద్యార్థి మూడేండ్లకు వెడలిపోవును. తాను నాటిన తీగ తరువాతివారికి పూయుట చిన్న సంగతి కాదు. కళాశాల సంఘమువారు గోడవెంట మూరెడు వెడల్పు నేలను కేటాయించి, తరగతికొక భాగము అప్పగింతురని ఆశింతుము. గుప్పెడు గింజలను సమకూర్చు భారము విద్యార్థులదే కావలెను.