అశ్వాపురం భారజల ప్లాంటు: తుప్పు కన్నా పగులుకే ఎందుకు భయపడాలి?

మణుగూరు నుంచి భద్రాచలం వైపు వెళ్తుంటే అశ్వాపురం దగ్గర కనిపించే ప్లాంటును చాలామంది అణు రియాక్టర్ అనుకుంటారు. కాదు. అది 1991లో మొదలైన భారజల ప్లాంటు. నీటిలోని ప్రతి పది లక్షల హైడ్రోజన్ పరమాణువుల్లో దాదాపు 150 మాత్రమే డ్యుటీరియం. గోదావరి నీటి నుంచి దాన్ని పోగుచేసి రియాక్టర్లకు భారజలంగా పంపుతారు. కాబట్టి ఇక్కడ మీరు అడగాల్సింది రేడియేషన్ గురించి కాదు, హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి.

డ్యుటీరియాన్ని వేరుచేసేది ఆ విషవాయువే. వాతావరణ పీడనానికి సుమారు 20 రెట్ల ఒత్తిడిలో, ఒకచోట 30 డిగ్రీలు, మరోచోట 130 డిగ్రీల వేడిలో అది నీటితో కలిసి ఉక్కు టవర్లలో, పైపుల్లో తిరుగుతుంది.

మామూలు తుప్పు లోహాన్ని పలచన చేస్తుంది, మందం కొలిస్తే తెలిసిపోతుంది. పగులు అలా కాదు. లోహం స్వభావం, దాన్ని లాగే ఒత్తిడి, చుట్టూ ఉన్న రసాయనం... ఈ మూడూ కలిస్తే పైకి బాగానే కనిపించే గొట్టం లోపల సన్నగా చీలుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలిన ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. ముఖ్యంగా వెల్డింగ్ అతుకుల పక్కన. అందుకే వెల్డింగ్ తర్వాత మళ్లీ వేడిచేసి లోపలి ఒత్తిడి తీసేస్తారు, అల్ట్రాసౌండ్‌తో వెతుకుతారు.

ఇది పాత ప్లాంట్ల జబ్బే అనుకోకండి. 2021 చివర్లో ఫ్రాన్స్‌లోని సివో రియాక్టర్‌లో, అదీ స్టెయిన్‌లెస్ స్టీల్ పైపుల్లో, వెల్డింగ్‌ల దగ్గరే ఇలాంటి పగుళ్లు బయటపడ్డాయి. తనిఖీల కోసం వరసగా రియాక్టర్లు ఆపాల్సి వచ్చింది. 2022లో ఆ దేశపు అణు విద్యుత్ ముప్పై ఏళ్ల కనిష్ఠానికి పడిపోయింది. మన దగ్గర 2016 మార్చి 11న గుజరాత్‌లోని కాక్రపార్ మొదటి యూనిట్‌లో జిర్కోనియం గొట్టం పగిలి భారజలం లీకైంది. ఆ గొట్టం బయటివైపు తుప్పు మచ్చలు కనిపించాయి. అక్కడ కారణం వేరు, కానీ పాఠం దగ్గరిదే.

అశ్వాపురం చుట్టుపక్కల ఉండేవాళ్లు, అక్కడ బంధువులున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఈ వాయువు కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. కానీ గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన ఆగిందంటే ప్రమాదం తప్పిందని కాదు. గాలికన్నా బరువు కాబట్టి పల్లంలో నిలుస్తుంది. గాలి వీచే దిశకు అడ్డంగా, ఎత్తుకు వెళ్లాలి.

1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం ఇలాంటి ప్లాంట్లు చుట్టుపక్కలవారికి ప్రమాదం గురించి, తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి ముందే చెప్పాలి. బయటి అత్యవసర ప్రణాళిక జిల్లా యంత్రాంగం పని. ఆ సమాచారం కోయ గూడేలకు చేరుతోందా, చేరితే ఏ భాషలో? సమాచార హక్కు దరఖాస్తుతో కలెక్టరేట్‌ను మీరే అడగొచ్చు.